కణం కట్టిన మూటలో మందు: ఎక్సోసోములపై ఒక సమీక్ష

శరీరంలోని దాదాపు ప్రతి కణమూ తనలోని సరుకులో కొంత చిన్న చిన్న మూటలుగా కట్టి బయటికి వదులుతుంది. మూట గుడ్డ కణపు పొర లాంటి కొవ్వు పొరే. లోపల ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. వీటిలో అతి చిన్న రకానికి ఎక్సోసోములని పేరు. ఒక్కొక్కటి సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటుంది. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది వేల నానోమీటర్లు. అంటే మధ్యరకం ఎక్సోసోములను డెబ్బై ఎనభై దాకా వరసగా పేరిస్తే ఒక ఎర్రకణం వెడల్పు వస్తుంది. రక్తం, లాలాజలం, మూత్రం, పాలు అన్నిటిలోనూ ఇవి తేలుతూనే ఉంటాయి. ఒక కణం వదిలిన మూటను మరో కణం లోపలికి తీసుకుని, అందులోని సరుకును బట్టి తన పనితీరు మార్చుకోగలదు. ఆ మూటలో మందు పెట్టి, పైన ఫలానా అవయవపు గుర్తు వేసి పంపితే అది అక్కడికే చేరుతుందా అన్నది గత పదిహేనేళ్లుగా ఔషధ పరిశోధనలో నలుగుతున్న ప్రశ్న.

ఎక్సోసోముల కథ ఎర్ర రక్తకణంతోనే మొదలైంది. ముదురుతున్న ఎర్రకణాన్ని రెటిక్యులోసైటు అంటారు. హీమోగ్లోబిన్ తయారీకి దానికి ఇనుము కావాలి. ఇనుమును లోపలికి లాగడానికి పైపొర మీద ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలుంటాయి. కణం పూర్తిగా ముదిరాక వాటి అవసరం తీరిపోతుంది. ఆ గ్రాహకాలు ఎటు పోతున్నాయని వెతికిన రెండు బృందాలు 1983లో విడివిడిగా ఒకే జవాబుకు వచ్చాయి. ఒకటి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గొర్రె కణాలపై పనిచేసిన రోజ్ జాన్‌స్టన్ బృందం. రెండోది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎలుక కణాలపై పనిచేసిన క్లిఫర్డ్ హార్డింగ్, ఫిలిప్ స్టాల్‌ల బృందం. కణం ఆ గ్రాహకాలను చిన్న సంచుల్లోకి ఎక్కించి, ఆ సంచులన్నిటినీ ఒక పెద్ద సంచిలో చేర్చి, ఆ పెద్ద సంచిని పైపొరతో కలిపి లోపలివాటిని బయటికి కుమ్మరిస్తోంది. వీటికి ఎక్సోసోములన్న పేరును జాన్‌స్టన్ 1987లో స్థిరపరిచారు. అప్పట్లో చాలామంది దాన్ని కణం చెత్త ఊడ్చి పారబోసే పద్ధతిగానే చూశారు.

ఆ అభిప్రాయం మారడానికి 1983 నుంచి పదమూడేళ్లు పట్టింది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన బీ కణాలు వదిలే ఎక్సోసోములు టీ కణాలను ప్రేరేపించగలవని 1996లో గ్రాసా రపోసో బృందం చూపింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి హాదీ వలాదీ, యాన్ లోట్వాల్‌ల బృందం మరో మెట్టు ఎక్కింది: ఎక్సోసోముల్లో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉన్నాయి, ఒక కణం నుంచి వెళ్లిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మరో కణంలో ప్రొటీనుగా మారగలదు. చెత్త అనుకున్నది జన్యు సమాచారాన్ని మోస్తోందని తేలడంతో ఔషధ శాస్త్రజ్ఞుల చూపు ఇటు తిరిగింది.

ఈ కథకు ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌తో ఒక దగ్గరి సంబంధం ఉంది. రాష్ట్రంలోని కొన్ని సముదాయాల్లో పది మందిలో ఒకరి కంటే ఎక్కువ మంది సికిల్ సెల్ జన్యువును మోస్తున్నారు. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్, మారడం వల్ల ఎర్రకణం కొడవలిలా వంగి త్వరగా చిట్లిపోతుంది. ఆ నష్టం పూడ్చడానికి మూలుగ విశ్రాంతి లేకుండా కొత్త కణాలు చేస్తుంది. అందుకే రోగి రక్తంలో రెటిక్యులోసైట్ల సంఖ్య పెరిగి ఉంటుంది. చిట్లిన, ఒత్తిడికి గురైన కణాల నుంచి ఊడిపడే సూక్ష్మ సంచులూ ఎక్కువే. అవి రక్తనాళాల లోపలి గోడలో వాపు పెంచడంలో, గడ్డకట్టే ప్రక్రియలో పాలు పంచుకుంటాయి. ఏ కణంలో ఎక్సోసోములు మొదట కనబడ్డాయో ఆ కణపు వ్యాధే ఈ ప్రాంతపు పెద్ద భారం. రాయ్‌పూర్‌లో నిలబడి ఈ రంగాన్ని చూస్తే సహజంగా రక్తం వైపు నుంచే చూడాల్సి వస్తుంది.

లైపోసోము ఉండగా మరొకటి ఎందుకు?

మందును కొవ్వు సంచిలో పెట్టి పంపడం కొత్త సంగతి కాదు. ప్రయోగశాలలో కొవ్వు అణువులతో చేసే లైపోసోములు అరవై ఏళ్లుగా తెలిసినవే. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును లైపోసోములో నింపిన డాక్సిల్‌కు అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. 2012లో అక్కడ దాని కొరత ఏర్పడినప్పుడు భారత్‌కు చెందిన సన్ ఫార్మా తయారీ లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకోనిచ్చారు. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ సోకినవారి కుటుంబాలు దేశమంతటా వెతుక్కున్న లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి కూడా ఈ కోవదే. దీని తర్వాతి తరం లిపిడ్ నానోకణాలు. జన్యు సందేశాన్ని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ అయిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో చేసిన మందు పాటిసిరాన్ 2018లో వాటి మీదే వచ్చింది, 2020 చివర్లో కోవిడ్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ టీకాలూ వాటి మీదే వచ్చాయి.

ఇన్ని విజయాల తర్వాత కూడా ఎక్సోసోమ్ వైపు చూడటానికి కారణం ఉంది. రక్తంలోకి ఎక్కించిన కృత్రిమ సంచుల్లో ఎక్కువ భాగం కాలేయానికే వెళ్తుంది. కాలేయ వ్యాధికి అది మేలే గానీ మెదడుకో మూలుగకో పంపాలంటే పెద్ద అడ్డంకి. ఎక్సోసోము పొర మీద మాత్రం పుట్టిన కణానికి చెందిన ప్రొటీన్లు వందల రకాలు ఉంటాయి. సీడీ9, సీడీ63, సీడీ81 అనేవి గుర్తింపు చీటీల లాంటివి. కొన్నిటి మీద సీడీ47 ఉంటుంది. మాక్రోఫేజ్ కణాలకు ‘నన్ను మింగొద్దు’ అని చెప్పే సంకేతం అది. క్యాన్సర్ కణాల ఎక్సోసోముల మీది ఇంటెగ్రిన్ ప్రొటీన్లను బట్టి అవి ఊపిరితిత్తులకు పోతాయా కాలేయానికి పోతాయా అన్నది మారుతుందని 2015లో అయాకో హొషినో, డేవిడ్ లైడెన్‌ల బృందం చూపింది. చిరునామా పొర మీదే ఉందన్నమాట. అయితే ఆ చిరునామాను మనం తిరగరాయగలమా అన్నది వేరే పరీక్ష.

ఇక్కడ ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. ఎక్సోసోములు శరీరపు సొంత సరుకు కాబట్టి ఎక్కడికైనా చొచ్చుకుపోతాయని, కాలేయం వాటిని పట్టుకోదని చాలా చోట్ల రాస్తుంటారు. జంతు ప్రయోగాలు అలా చెప్పడం లేదు. బయట శుద్ధిచేసి నరంలోకి ఎక్కించిన ఎక్సోసోముల్లో అత్యధిక భాగం కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తుల్లోనే తేలుతుంది. రక్తంలోంచి చాలావరకు నిమిషాల్లోనే మాయమవుతుంది. సీడీ47 వంటివి ఈ నష్టాన్ని తగ్గిస్తాయే గానీ పూర్తిగా ఆపవు. కణంలోకి చేరిన మూట కూడా తరచు జీర్ణకోశం లాంటి లైసోసోములో పడి సరుకుతో సహా నాశనమవుతుంది. ప్రకృతి ఈ మూటలను మన మందుల కోసం తయారు చేయలేదు. ఇంజినీరింగ్ అవసరం ఇక్కడే వస్తుంది.

చిరునామా రాయడం, సరుకు నింపడం

చిరునామా మార్చే పనికి రెండు దారులున్నాయి. మొదటిది మూటలు వదిలే దాతకణపు జన్యువుల్లోనే మార్పు చేయడం. ఎక్సోసోము పొరలో సహజంగా ఉండే ల్యాంప్2బీ వంటి ప్రొటీన్‌కు కావలసిన తోకను జన్యుపరంగా అతికిస్తే, ఆ కణం వదిలే ఎక్సోసోములన్నీ ఆ తోకతోనే పుడతాయి. ఈ పద్ధతికి మూలస్తంభం 2011లో ఆక్స్‌ఫర్డ్‌లో మాథ్యూ వుడ్ బృందం చేసిన ప్రయోగం. రేబిస్ వైరస్ నాడీకణాల్లోకి దూరడానికి వాడుకునే ప్రొటీన్ నుంచి ఒక చిన్న ముక్కను తీసి వాళ్లు ల్యాంప్2బీకి అతికించారు. ఎలుక రోగనిరోధక వ్యవస్థలోని డెండ్రైటిక్ కణాల నుంచి వచ్చిన ఆ ఎక్సోసోముల్లో అల్జీమర్స్‌తో సంబంధమున్న బేస్1 జన్యువును అణచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను నింపి నరంలోకి ఎక్కించారు. ఎలుక మెదడులో ఆ జన్యు సందేశం సుమారు 60 శాతం తగ్గింది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను మూటతో దాటవచ్చన్న నమ్మకం అక్కడి నుంచే బలపడింది. ఈ తీరులోనే ఐఆర్‌జీడీ అనే పెప్టైడ్ తగిలించిన ఎక్సోసోముల్లో డాక్సోరుబిసిన్ నింపి ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ గడ్డలపై 2014లో పరీక్షించారు.

రెండో దారి శుద్ధిచేసిన ఎక్సోసోముల పైపొరకు రసాయనికంగా ప్రతిరక్షకాన్నో పెప్టైడ్‌నో అంటించడం. ఇది వేగంగా అవుతుంది, ఏ కణపు మూటకైనా పనికొస్తుంది. కానీ ఒక్కో మూటకు ఎన్ని అంటుకున్నాయో ప్రతిసారీ ఒకేలా ఉండదు.

సరుకు నింపడం ఇంకా చిక్కు. కొవ్వులో కరిగే మందులు, ఉదాహరణకు పసుపులోని కర్క్యుమిన్, ఎక్సోసోములతో కలిపి కాసేపు ఉంచితే వాటంతటవే పొరలో ఇముడుతాయి. క్యాన్సర్ మందు ప్యాక్లిటాక్సెల్‌ను ఎక్కువ నింపడానికి ధ్వని తరంగాలతో పొరను కాసేపు సడలిస్తారు. పెద్ద ప్రొటీన్లకూ ఇలాంటి పద్ధతులే పనికొస్తాయి. కాటలేజ్ అనే ఎంజైమును మాక్రోఫేజ్ ఎక్సోసోముల్లో పెట్టి ముక్కు ద్వారా ఇచ్చి పార్కిన్సన్స్ నమూనా ఎలుకల మెదడుకు చేర్చిన ప్రయోగం 2015లో నార్త్ కరోలైనాలో జరిగింది. ఆర్‌ఎన్‌ఏకు కొవ్వు పొర అడ్డు. దానికి విద్యుత్ ఘాతంతో రంధ్రాలు చేసే ఎలక్ట్రోపొరేషన్ వాడుతూ వచ్చారు. 2013లో నెదర్లాండ్స్ నుంచి ఒక హెచ్చరిక వచ్చింది: ఆ ఘాతంలో ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ తనలో తానే ముద్దకట్టి అడుగుకు దిగుతోంది, దాన్నే మూటలోకి వెళ్లినట్టు లెక్కిస్తున్నారు. ముద్దకట్టకుండా చేసి చూస్తే లోపలికి వెళ్లింది నామమాత్రం. ఒక రంగం తన లెక్కను తానే తప్పుపట్టుకున్న ఆ పరిశోధన ఎన్నో కొత్త విజయ ప్రకటనల కన్నా విలువైనది.

అందుకే ఇప్పుడు మొగ్గు దాతకణమే మూట కట్టేటప్పుడు సరుకు పెట్టేలా చేయడం వైపు ఉంది. పీటీజీఎఫ్‌ఆర్‌ఎన్ అనే పొర ప్రొటీనుకు బయటి వైపునో లోపలి వైపునో మందు ప్రొటీనును జన్యుపరంగా కలిపితే, కణం దాన్ని మూటలోకి దండిగా ఎక్కిస్తుంది. అమెరికాలోని కోడియాక్ బయోసైన్సెస్ తన మందులను ఈ సూత్రం మీదే నిర్మించింది.

కొలవలేనిది మందు ఎలా అవుతుంది?

ఈ రంగపు అసలు సమస్య చిరునామా కాదు, నింపడమూ కాదు. కొలత. పారాసెటమాల్ మాత్రలో 500 మిల్లీగ్రాములంటే అందులో ఎంత ఉందో ఎవరైనా తూచి చూపగలరు. లైపోసోమును కూడా తెలిసిన మూడు నాలుగు కొవ్వు అణువులతో, తెలిసిన పాళ్లలో కలుపుతారు. ఎక్సోసోము అలా కాదు. దాన్ని కణం చేస్తుంది. కణానికి ఆ రోజు అందిన ఆహారం, ప్రాణవాయువు, వయసు, ఒత్తిడి, పాత్రలో ఎంత కిక్కిరిసి ఉందన్నది, అన్నీ మూట మీదా మూటలోపలా ముద్ర వేస్తాయి. కణం నుంచి పుట్టడమే దాని బలం. సరిగ్గా ఆ పుట్టుకే దాన్ని మందుగా నిలబెట్టడంలో అతి పెద్ద కష్టం కూడా.

ఒకే కణం 100 నానోమీటర్ల మూటలను రెండు వేర్వేరు దారుల్లో వదలగలదు. లోపలి పెద్ద సంచి నుంచి వచ్చినవే అసలు ఎక్సోసోములు. పైపొర నుంచి నేరుగా మొగ్గలా ఊడినవి వేరు. బయటికి వచ్చాక రెండింటినీ విడదీయడం చాలా కష్టం. అందుకే అంతర్జాతీయ కణబాహ్య సంచుల సంఘం 2014లో మొదలుపెట్టి 2018లో, 2023లో సవరించిన మార్గదర్శకాల్లో, పుట్టుక రుజువు కానిదే ఎక్సోసోమ్ అనవద్దని, ‘కణబాహ్య సంచులు’ అనే సాధారణ పేరు వాడమని కోరింది. ఈ వ్యాసంలో అలవాటుపడిన పేరే వాడినా, చాలా ప్రయోగాల్లో ఆ పేరు కింద ఉన్నది మిశ్రమమేనని పాఠకులు గుర్తుంచుకోవాలి.

శుద్ధిచేయడానికి పాత పద్ధతి అల్ట్రాసెంట్రిఫ్యూజ్. గురుత్వానికి లక్ష రెట్ల బలంతో గంటల తరబడి తిప్పితే మూటలు అడుగున చేరతాయి, వాటితో పాటు ప్రొటీన్ ముద్దలూ చేరతాయి, కొన్ని మూటలు చితికిపోతాయి. కర్మాగార స్థాయికి ఇది పనికిరాదు. సైజును బట్టి వేరుచేసే క్రోమటోగ్రఫీ, పొరల మీదుగా ద్రవాన్ని అడ్డంగా పారించే వడపోత ఇప్పుడు ముందుకు వచ్చాయి. రక్తం నుంచి తీస్తే మరో చిక్కు: కొలెస్టరాల్ మోసే లైపోప్రొటీన్లు ఇదే సైజులో, ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. లేజర్ కింద కదిలే చుక్కలను లెక్కించే యంత్రం ఏది ఎక్సోసోమో ఏది కొలెస్టరాల్ కణమో చెప్పలేదు. కణాలను పెంచే మాధ్యమంలో దూడ సీరం వాడితే దూడ ఎక్సోసోములూ లెక్కలోకి వస్తాయి. పైగా, ఒక నమూనాలో సమృద్ధిగా కనబడే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కూడా సగటున ఒక్కో మూటకు ఒక అణువు కన్నా చాలా తక్కువే ఉంటుందని 2014లో తేలింది. అంటే ఎక్కువ మూటలు ఆ సరుకు విషయంలో ఖాళీవే. ‘ఇన్ని కోట్ల ఎక్సోసోములు ఎక్కించాం’ అనే వాక్యం మోతాదు చెప్పినట్టు కనిపిస్తుంది గానీ, మందు ఎంత వెళ్లిందో చెప్పదు.

రోగుల దాకా వచ్చిన పరీక్షలు

మనుషుల్లో పరీక్షలు చాలామంది అనుకునేదాని కన్నా ముందే మొదలయ్యాయి. 2005లో ఫలితాలు వెలువడిన పరీక్షల్లో, ఫ్రాన్స్‌లో 15 మంది మెలనోమా రోగులకు, అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు వారి సొంత డెండ్రైటిక్ కణాల ఎక్సోసోములను టీకాలా ఇచ్చారు. భరించగలిగారు, పెద్ద హాని జరగలేదు. తర్వాత ఫ్రాన్స్‌లోనే 22 మందిపై జరిగిన రెండో దశ ఫలితాలు 2016లో వచ్చాయి. నాలుగు నెలల పాటు వ్యాధి ముదరకుండా ఆగిన వారు సగం మంది ఉండాలన్నది లక్ష్యం. ఏడుగురే ఉన్నారు. 2014లో వెలువడిన నివేదిక ప్రకారం జర్మనీలో మూలుగ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి మీద తిరగబడిన ఒక కేసులో మెసెన్‌కైమల్ మూలకణాల ఎక్సోసోములు ఇచ్చి ఉపశమనం చూశారు. అది ఒక్క రోగి అనుభవం, అంతవరకే దాని బరువు.

మందు నింపిన ఎక్సోసోముల్లో ఎక్కువ ఆశ పెట్టుకున్నది క్లోమ గ్రంథి క్యాన్సర్ మీద. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రఘు కల్లూరి బృందం, కేరాస్ జన్యువులోని జీ12డీ మార్పును మాత్రమే అణచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను ఎక్సోసోముల్లో పెట్టి ఎలుకల్లో గడ్డలను నియంత్రించింది. 2017లో వెలువడిన ఆ పని, సీడీ47 వల్ల మూటలు రక్తంలో ఎక్కువసేపు నిలిచాయనీ చెప్పింది. తర్వాత అదే కేంద్రంలో రోగులపై మొదటి దశ పరీక్ష మొదలైంది. మరోవైపు కోడియాక్ 2020లో తన మొదటి మందులను మనుషుల పరీక్షలకు తెచ్చింది. 2023 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. ఒక సంస్థ మూతపడితే శాస్త్రం తప్పని కాదు. కానీ జీవకణాలతో, ఇంత శుద్ధితో, ఇంత నెమ్మదిగా చేసే మందుకు ఎంత పెట్టుబడి, ఎంత ఓపిక కావాలో అది చూపింది.

ఖర్చు తగ్గించే దారుల్లో రెండు గమనించదగ్గవి. ఒకటి ఆవుపాల ఎక్సోసోములు. పాలు లీటర్ల కొద్దీ దొరుకుతాయి, వాటిలోని మూటలు కడుపులోని ఆమ్లాన్ని కొంత తట్టుకుంటాయి కాబట్టి నోటి ద్వారా ఇవ్వవచ్చన్న ఆలోచన ఉంది. అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఈ పని విస్తృతంగా జరిగింది. రెండోది ఎర్ర రక్తకణాలు. 2018లో హాంకాంగ్ పరిశోధకులు దానం చేసిన రక్తపు ఎర్రకణాల నుంచి మూటలు దండిగా రాబట్టి, వాటిలో ఆర్‌ఎన్‌ఏ మందులు నింపి ఎలుకల్లో లుకేమియాపై ప్రయోగించారు. ముదిరిన ఎర్రకణంలో డీఎన్‌ఏ ఉండదు కాబట్టి దాతకణపు జన్యువులు రోగిలోకి పోతాయన్న భయం తక్కువ. ఒక రక్తనిధి సంచి నుంచే ముడిసరుకు దొరుకుతుంది. పేద రాష్ట్రాలకు పనికివచ్చే ఆలోచన ఇదే అనిపిస్తుంది.

రాయ్‌పూర్ నుంచి చూస్తే

రాయ్‌పూర్‌లో 1963 నాటి పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల, 2012లో మొదలైన ఎయిమ్స్ ఉన్నాయి. 1964లో స్థాపించిన పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయపు ఫార్మసీ విభాగం లైపోసోములు, నానోకణాల వంటి మందు వాహకాలపై చాలాకాలంగా పనిచేస్తోంది. ఒక పక్క రోగులు, మరో పక్క వాహకాల శాస్త్రం ఒకే ఊళ్లో ఉండటం చిన్న విషయం కాదు. సికిల్ సెల్‌కు జన్యు సవరణ చికిత్స అయిన కాస్‌జెవీకి 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చింది. కానీ రోగి మూలుగ కణాలను బయటికి తీసి, జన్యు సవరణ చేసి, తీవ్రమైన కీమోథెరపీ తర్వాత తిరిగి ఎక్కించాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ కుటుంబానికి అది అందని మాట. జన్యువును సవరించే పరికరాన్ని ఒక సూదితో నేరుగా మూలుగకు చేర్చగల వాహకం దొరికితే కథ మారుతుంది. లిపిడ్ నానోకణాలతో పాటు కణబాహ్య సంచులనూ ఆ పనికి పరిశీలిస్తున్నారు. ఇప్పటికి అది ప్రయోగశాల దశే.

వాహకం దొరికినా నిల్వ సమస్య ఉంది. ఎక్సోసోములను సాధారణంగా మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచుతారు. వేసవిలో రాయ్‌పూర్‌లో 45 డిగ్రీలు కొత్త కాదు. అక్కడి నుంచి ఆంధ్ర సరిహద్దున శబరి ఒడ్డున ఉన్న కొంటా నాలుగు వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఎండబెట్టి పొడిగా నిల్వచేసే ప్రయత్నాలు అందుకే అవసరం. కొత్త చిరునామా ప్రొటీన్ కన్నా, ఎండలో చెడని పొడి ఈ ప్రాంతానికి ఎక్కువ మేలు చేస్తుంది.

మందు సిద్ధం కాకముందే వ్యాపారం సిద్ధమైంది. జుట్టు రాలడానికి, ముడతలకు, మోకాళ్ల నొప్పులకు ఎక్సోసోములని సీసాలు అమ్ముతున్నారు. అమెరికాలోని నెబ్రాస్కాలో ఇలాంటి అనుమతి లేని ఉత్పత్తులు తీసుకున్నవారు తీవ్రంగా జబ్బుపడటంతో ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలకు హెచ్చరిక జారీచేసింది. భారత్‌లో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తిని మందుగా వాడాలంటే దాన్ని కొత్త మందుగానే చూడాలి, అంటే పరీక్షలు, అనుమతి తప్పనిసరి. ప్రమాదం ఊహ కాదు: క్యాన్సర్ కణాల ఎక్సోసోములు వ్యాధి పాకడానికి దారి వేస్తాయని ఈ రంగమే నిరూపించింది. ఏ కణం నుంచి తీశారో తెలియని మూటను సూదితో ఎక్కించుకోవడం అందుకే క్షేమం కాదు.

ఎక్సోసోమ్ మందు ఇంకా దూరంలో ఉన్నా, సికిల్ సెల్ రోగులకు హైడ్రాక్సీయూరియా మందు ఈరోజే అందుబాటులో ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం కింద ఛత్తీస్‌గఢ్‌లోనూ రక్తపరీక్షలు చేస్తున్నారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే పెళ్లి ఈడు పిల్లలకు ఆ పరీక్ష చేయించండి. రాయ్‌పూర్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ ఎవరైనా ఎక్సోసోమ్ సూది ఇస్తామంటే ముందు అనుమతి పత్రం అడగండి. మందు నింపిన ఎక్సోసోమ్ చికిత్సకు అమెరికా ఎఫ్‌డీఏ గానీ, భారత ఔషధ నియంత్రణ సంస్థ గానీ ఇంతవరకు అనుమతి ఇవ్వలేదు.